డి డ్రైవ్‌లో నేను పెట్టని ఫైళ్లు ఉన్నాయి. తీసేయొచ్చా?

తెనాలి మాస్టారు · జూన్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల టీచర్ని. హాల్లో ఒక డెస్క్‌టాప్ ఉంది, 2017లో కొన్నది, విండోస్ 10. పెన్షన్ కాగితాలు, కరెంటు బిల్లు, మా ఆవిడ వినే ప్రవచనాలు, అంతకు మించి దానితో పని లేదు. నా కీబోర్డు తెలుగుకే పెట్టి ఉంది కాబట్టి ఇంగ్లీషు పేర్లు చదివినట్టే రాస్తున్నా, ఏమనుకోకండి.

సి డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత వస్తోందని పక్కింటి అబ్బాయిని పిలిచా. వాడు ఏవో రెండు టిక్కులు మార్చి, "తాతగారూ, ఇన్ని ఫైళ్లు దాక్కుని ఉన్నాయి చూడండి" అని చూపించి, క్రికెట్ ఉందని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

డి డ్రైవ్ తెరవగానే ఇరవైకి పైగా ఫైళ్లు ఏ ఫోల్డర్లోనూ లేకుండా బయటే పడి ఉన్నాయి. ఇయులా.1028, ఇయులా.1031, తర్వాత 1033, 1036, 1040, 1041, 1042. లెక్కల మాస్టారిని కదా, వరుస తేడాలు తీశా: 3, 2, 3, 4, 1, 1. ఏ శ్రేణిలోనూ ఇమడలేదు. ఆపైన ఉన్నట్టుండి 2052, 3082. ఒకటి తెరిస్తే లాయర్ నోటీసులా బారెడు ఇంగ్లీషు. వాటి పక్కన ఇన్‌స్టాల్.ఈఎక్స్‌ఈ, గ్లోబ్‌డేటా, విసి_రెడ్. రెడ్ అని చూడగానే గుండె గుభేలుమంది. అన్నిటి మీదా తేదీ 07-11-2007. అంటే కంప్యూటర్ కొనడానికి పదేళ్ల ముందు!

అక్కడే ఒక ఫోల్డర్ ఉంది. పేరంతా అంకెలూ అక్షరాలూ కలగలిపిన చేంతాడు. తెరవబోతే అనుమతి లేదంటోంది. నా ఇంట్లో నాకే!

సి డ్రైవ్‌లో హైబర్‌ఫిల్.సిస్ అనేది 3 జీబీకి పైగా ఉంది. డెస్క్‌టాప్ మీద డెస్క్‌టాప్.ఐఎన్‌ఐ అని ఒకే పేరుతో రెండు, మసక మసకగా.

వేసవి సెలవుల్లో మనవడు వచ్చి ఏదో గేమ్ వేసుకున్నాడు. వాడి నిర్వాకమేనని ఇంట్లో అందరం తేల్చేశాం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో "ఫార్మాట్ చేయించెయ్ నాన్నా" అన్నాడు. ఏం చేయమంటారు?

గోదారి కుర్రాడు · జూన్ 8, రాత్రి 9:20

మీ అబ్బాయి చెప్పిందే రైటు సార్. ఫార్మాట్ కొట్టేయండి. అరగంట పని.

హన్మకొండ సర్వీస్ · జూన్ 8, రాత్రి 9:41

ఆగు తమ్మీ. నీకు అరగంట పని, ఆయనకు పెన్షన్ కాగితాలు.

మాస్టారూ, ఏదీ డిలీట్ చేయకండి, ఏదీ డబుల్ క్లిక్ కూడా చేయకండి. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా. వైరస్ వల్ల పోయిన డేటా కంటే, వైరస్ అనుకుని చేతులారా తుడిచేసుకున్న డేటా కోసమే ఎక్కువ మంది నా దగ్గరికి వచ్చారు.

ముందు రెండు సంగతులు చెప్పండి. ఒకటి, ఆ ఇయులా ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే మూడు తేదీలు ఉంటాయి. మీరు చూసిన 2007 అనేది మాడిఫైడ్. దాని పైన క్రియేటెడ్ అని ఉంటుంది, అదేంటి? రెండు, ఆ చేంతాడు పేరున్న ఫోల్డర్ తేదీ ఏంటి?

మాడిఫైడ్ అంటే ఆ ఫైలు లోపలి రాత చివరిసారి మారిన రోజు. క్రియేటెడ్ అంటే అది మీ డిస్క్ మీద అడుగుపెట్టిన రోజు. పాత పుస్తకం నిన్న కొన్నట్టు అన్నమాట. ముద్రణ సంవత్సరం వేరు, మీ బీరువాలోకి వచ్చిన రోజు వేరు. మనక్కావలసింది రెండోది.

తెనాలి మాస్టారు · జూన్ 8, రాత్రి 10:05

పుస్తకం పోలిక బాగా ఎక్కిందండీ. ఇయులా ఫైళ్లన్నీ క్రియేటెడ్ మే 19, మధ్యాహ్నం 3:26. ఇరవై పైచిలుకు ఫైళ్లూ అదే నిమిషం! ఆదివారం. మనవడు ఇక్కడే ఉన్నాడు. దొరికాడు.

ఫోల్డర్ మాత్రం అప్పటిది కాదు. ఫిబ్రవరి 14, 2024. అప్పుడు వాడు స్కూల్లో ఉన్నాడు.

డాలస్ తెలుగోడు · జూన్ 8, రాత్రి 11:32

మాస్టారూ, మీ శ్రేణి సంగతి నేను తేలుస్తా. అవి లెక్కల సంఖ్యలు కావు, భాషల నంబర్లు. విండోస్‌లో ప్రతి భాషకీ ఒక అంకె ఉంటుంది. 1033 అమెరికా ఇంగ్లీషు, 1031 జర్మన్, 1036 ఫ్రెంచి, 1040 ఇటాలియన్, 1041 జపనీస్, 1042 కొరియన్, 1028 సాంప్రదాయిక చైనీస్, 2052 సరళ చైనీస్, 3082 స్పానిష్. మన తెలుగుకీ ఉంది, 1098. ఆ మూటలో మాత్రం మనకి చోటివ్వలేదు.

ఇయులా అంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అని నొక్కేసే ఒప్పందం. మీరు తెరిచి చూసిన లాయర్ నోటీసు అదే. ఈ లోకంలో దాన్ని తెరిచి చదివిన కొద్దిమందిలో మీరొకరు, అభినందనలు.

ఆ ఫైళ్ల గుంపు విజువల్ సి ప్లస్ ప్లస్ 2008 రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీది. చాలా గేములు నడవడానికి అది కావాలి. గేమ్ వేస్తే దాని వెనకాలే అదీ దిగుతుంది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మూట విప్పుకోవడానికి ఏ డ్రైవ్‌లో ఖాళీ ఎక్కువ ఉందో చూసి, అక్కడ బయటే ఆ ఫైళ్లన్నీ పరుస్తుంది. పని అయ్యాక ఎత్తేయాలి, ఎత్తకుండా వెళ్లిపోతుంది. ఇది అందరికీ తెలిసిన పాత లోపం. మీ సి నిండిపోయింది, డి ఖాళీగా ఉంది, కాబట్టి డిలో పరిచింది. పెళ్లి అయిపోయాక షామియానా వాళ్లు కుర్చీలు వదిలేసి వెళ్లినట్టు. విసి_రెడ్‌లో రెడ్ అంటే ఎరుపు కాదు, రీడిస్ట్రిబ్యూటబుల్‌కి పొట్టి పేరు. 2007 నవంబర్ 7 ఆ ప్యాకేజీని మూట కట్టిన తేదీ.

ఆ గుంపు వరకూ నిక్షేపంగా తీసేయొచ్చు. గేమ్‌కి ఏమీ కాదు.

ఇక ఆ ఫోల్డర్. ఫిబ్రవరి 14 బుధవారం. దాని ముందు రోజు, 13, ఆ నెలలో రెండో మంగళవారం. ఏం జరుగుతుందో ఊహించగలరా?

తెనాలి మాస్టారు · జూన్ 9, ఉదయం 6:10

రెండో మంగళవారం ఏకాదశిలా ఏమైనా ఉందా? చెప్పండి బాబూ, పరీక్షలు నేను పెట్టాలి గానీ మీరు నాకు పెడితే ఎలా.

డాలస్ తెలుగోడు · జూన్ 9, ఉదయం 7:02

హహ. ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ అప్‌డేట్లు వస్తాయి. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున పదింటికి వదిలితే, చలికాలంలో మనకి రాత్రి పదకొండున్నర. అందుకే ఇండియాలో కంప్యూటర్లకి అవి బుధవారం దిగుతాయి.

వాటితో పాటు వైరస్‌లను ఏరేసే చిన్న టూల్ ఒకటి వస్తుంది, 2005 జనవరి నుంచీ ఉంది. అది ఒక తాత్కాలిక ఫోల్డర్ తయారుచేసుకుంటుంది, పేరు తోచిన అంకెలూ అక్షరాలూ. పనయ్యాక తనే చెరిపేసుకోవాలి. కొన్నిసార్లు మిగిలిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతితో తెరిచి చూడండి, లోపల ఎంఆర్‌టి‌స్టబ్.ఈఎక్స్‌ఈ అని ఉంటే అదే. రీస్టార్ట్ చేశాక తీసేయండి, నష్టం లేదు.

తెనాలి మాస్టారు · జూన్ 9, ఉదయం 7:40

ఉంది! ఎంఆర్‌టి‌స్టబ్ ఉంది. అంటే నేను దొంగ అనుకున్నవాడు పోలీసా?

హన్మకొండ సర్వీస్ · జూన్ 9, ఉదయం 8:15

అంతే మాస్టారూ. అయినా పేరు చూసి నమ్మడం నా వృత్తిలో కుదరదు. దొంగ కూడా పోలీసు డ్రెస్ వేస్తాడు. ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉందో లేదో, సంతకం ఎవరిదో చూడండి. సంతకం సరిగ్గా ఉంటే వంద పేర్లకంటే అది మేలు.

ఇంకో ఉదాహరణ. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వి‌సిహోస్ట్ అని డజన్ల కొద్దీ కనపడతాయి, అది మామూలే, విండోస్ సేవలన్నీ దాని కిందే నడుస్తాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే విండోస్ లోపల సిస్టమ్32 ఫోల్డర్ తెరుచుకోవాలి. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో తెరుచుకుంటే, లేదా అక్షరాలు అటూ ఇటూ చేసి ఎస్‌సి‌విహోస్ట్ అని ఉంటే, అప్పుడు టెన్షన్ పడాలి. పేరు, ఇంటి అడ్రసు, సంతకం, ఈ మూడూ కలవాలి.

అమీర్‌పేట పాత కాపు · జూన్ 9, ఉదయం 9:30

పేరు చూసి భయపడటం గురించి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి.

2002. అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ని, పన్నెండు సిస్టమ్స్. ఓనర్‌కి ఎవరో స్నేహితుడు మెయిల్ పంపాడు: "జెడిబిజిఎంజిఆర్ అనే ఫైలు మీ కంప్యూటర్లో ఉందేమో వెతకండి. దాని బొమ్మ బుల్లి ఎలుగుబంటి. అది వైరస్. పద్నాలుగు రోజులు నిద్రపోయి తర్వాత లేస్తుంది. యాంటీవైరస్‌లకి దొరకదు. వెంటనే తీసేసి, మీ వాళ్లందరికీ చెప్పండి." వెతికితే నిజంగానే ఉంది, ఎలుగుబంటి బొమ్మతో సహా! పన్నెండు సిస్టమ్స్‌లోనూ ఉంది. నేను వీరుడిలా పన్నెండిట్లోనూ చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, ఆ మెయిల్‌ని నాకు తెలిసిన యాభై మందికి పంపా.

తర్వాత తెలిసింది, అది విండోస్‌తోనే వచ్చే మంచి ఫైలు, జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకి పనికొచ్చేది. బొమ్మ వింతగా ఉండటమే దాని నేరం. అదృష్టం కొద్దీ మామూలు వాడకానికి అది అక్కర్లేదు కాబట్టి ఎవరికీ ఏమీ ఆగలేదు. ముందు ఏడాది 2001లోనూ సల్ఫ్‌ఎన్‌బికె అనే ఇంకో ఫైలు మీద ఇలాంటి పుకారే నడిచింది. అసలు వైరస్ అంటూ ఏదీ లేదు. ఆ మెయిలే వైరస్, దాన్ని యాభై మందికి అంటించింది నేను.

తెనాలి మాస్టారు · జూన్ 9, ఉదయం 11:05

సంతకం ఉందండీ, సరిగ్గానే ఉంది. ఇయులా గుంపు, ఆ ఫోల్డరు, రెండూ తీసేశా. హాయిగా ఉంది.

మిగిలినవి: హైబర్‌ఫిల్, దాని పక్కన పేజ్‌ఫైల్, స్వాప్‌ఫైల్. రెండు డెస్క్‌టాప్.ఐఎన్‌ఐలు. ఇంకొకటి, పెన్షన్ లెటర్ ఫైలు పక్కనే దాని పేరులో మొదటి రెండు అక్షరాలు పోయి, ఆ స్థానంలో అల గీత, డాలర్ గుర్తు పెట్టుకున్న 1 కేబీ ఫైలు. డాలర్ చూసి మా ఆవిడ ఇక బ్యాంకు పని ఇందులో చేయొద్దంది.

హన్మకొండ సర్వీస్ · జూన్ 9, మధ్యాహ్నం 12:20

అమ్మగారికి చెప్పండి, ఆ డాలర్‌కీ డబ్బుకీ సంబంధం లేదు. వర్డ్‌లో ఫైలు తెరిచినప్పుడు "ఇది ఫలానావారు వాడుతున్నారు" అని తలుపుకి వేసే గొళ్లెం అది, 162 బైట్లు. మూసేస్తే పోతుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే గొళ్లెం అలాగే ఉండిపోతుంది. వర్డ్ మూసి ఉన్నప్పుడు తీసేయొచ్చు.

డెస్క్‌టాప్.ఐఎన్‌ఐ రెండు ఉండటం సహజమే. ఒకటి మీ డెస్క్‌టాప్‌ది, ఒకటి అందరికీ ఉమ్మడి డెస్క్‌టాప్‌ది. రెండూ ఒకే తెర మీద కలిసి కనిపిస్తాయి.

పేజ్‌ఫైల్, స్వాప్‌ఫైల్ జోలికి వెళ్లకండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు అది. హైబర్‌ఫిల్ అంటే, కంప్యూటర్ని హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా దింపుకునే గోడౌన్. విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. మీది 8 జీబీ ర్యామ్ అయి ఉండాలి, లెక్క మీరే వేసుకోండి.

దాన్ని చేత్తో తీయకూడదు, తీయనివ్వదు కూడా. సి డ్రైవ్‌లో చోటు మరీ కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సిఎఫ్‌జి, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొట్టండి, అదే మాయమవుతుంది. కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, పొద్దున్నే ఆన్ అవడానికి ఇంకాస్త టైం పడుతుంది. కాఫీ తెచ్చుకునేలోపు వస్తుంది లెండి.

అన్నిటికంటే ముందు ఆ అబ్బాయి మార్చిన టిక్కులు మళ్లీ పెట్టేయండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ, అందులో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్". సగం భూతాలు అక్కడే వెళ్లిపోతాయి. అవి నిన్న కొత్తగా వచ్చినవి కావు, ఏడేళ్లుగా మీతో కాపురం చేస్తున్నవే.

తెనాలి మాస్టారు · జూన్ 9, మధ్యాహ్నం 1:15

8 జీబీయే. 3.2. సరిపోయింది. టిక్కులు పెట్టేశా, నిజంగానే ఇల్లు ఊడ్చినట్టుంది. మనవడికి ఫోన్ చేసి సారీ చెప్పాలి.

కాఫీ సంగతి ఆలోచిస్తా గానీ, ఆ కమాండ్ కొట్టే ముందు పెన్షన్ కాగితాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటున్నా. పెన్‌డ్రైవ్ భేషుగ్గానే ఉంది. ఈమధ్య అందులో నా ఫోల్డర్ల మీద చిన్న బాణం గుర్తు వస్తోంది, ఒక్కోటి 2 కేబీ అని చూపిస్తోంది. నొక్కితే క్షణం ఆగి తెరుచుకుంటున్నాయి, లోపల కాగితాలన్నీ ఉన్నాయి, అందుకని పట్టించుకోలేదు.

హన్మకొండ సర్వీస్ · జూన్ 9, మధ్యాహ్నం 1:18

మాస్టారూ ఆపండి!! పెన్‌డ్రైవ్ తీసేయండి. ఇంక దేన్నీ నొక్కకండి.

బెజవాడ డీటీపీ · జూన్ 9, మధ్యాహ్నం 1:26

అయ్యో. షార్ట్‌కట్ వైరస్. ఈమధ్య ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టారు సార్? జిరాక్స్ షాపులోనా?

తెనాలి మాస్టారు · జూన్ 9, మధ్యాహ్నం 1:50

తీసేశా. చేతులు వణుకుతున్నాయి. అవును, లైఫ్ సర్టిఫికెట్ ప్రింటుకి బజార్లో జిరాక్స్ షాపులో ఇచ్చా. మూడు నెలలైంది. అన్నీ బాగానే తెరుచుకుంటుంటే వైరస్ ఎలా అవుతుంది?

బెజవాడ డీటీపీ · జూన్ 9, మధ్యాహ్నం 2:30

బాగా తెరుచుకోవడమే దాని కిటుకు. మా షాపులో రోజుకి నలభై పెన్‌డ్రైవ్‌లు పెడతారు, ఈ జబ్బు నాకు చంటిపిల్లల జలుబంత పరిచయం.

అది చేసే పని ఇది. మీ అసలు ఫోల్డర్లని హిడెన్, సిస్టమ్ అని గుర్తు వేసి దాచేస్తుంది. వాటి పేర్లతోనే, ఫోల్డర్ బొమ్మతోనే షార్ట్‌కట్‌లు తయారుచేసి పైన పెడుతుంది. మీరు దాన్ని నొక్కగానే ముందు తను పనిచేసుకుని, ఆ తర్వాత మర్యాదగా మీ ఫోల్డర్ తెరిచి చూపిస్తుంది. మీరన్న "క్షణం ఆగి" అదే. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్‌తో వాటంతటవే ఎక్కేవి. విండోస్ 7తోనూ, పాతవాటికి 2011 ఫిబ్రవరిలో వచ్చిన అప్‌డేట్‌తోనూ ఆ దారి మూతపడింది. దాంతో మన చేతే నొక్కించుకునే పద్ధతి పట్టుకున్నాయి.

డబుల్ క్లిక్ చేయకుండా రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షార్ట్‌కట్ ట్యాబ్‌లో టార్గెట్ చూస్తే తెలుస్తుంది. అక్కడ మీ ఫోల్డర్ దారి బదులు సిఎండి అనో, డబ్ల్యుస్క్రిప్ట్ అనో, చివర విబిఎస్ తోక ఉన్న ఫైలో ఉంటే అదే.

హన్మకొండ సర్వీస్ · జూన్ 9, మధ్యాహ్నం 3:05

వరుస ముఖ్యం. ముందు కంప్యూటర్, తర్వాత పెన్‌డ్రైవ్. తిరగేస్తే కడిగిన పెన్‌డ్రైవ్ పెట్టగానే మళ్లీ అంటుకుంటుంది.

విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది. పదిహేను నిమిషాలు అటూ ఇటూ. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ చూసి, అక్కడ ఉన్న పేర్లన్నీ ఇక్కడ రాయండి.

బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఫోన్ నుంచి మార్చుకోండి, ఈ కంప్యూటర్ నుంచి కాదు. అకౌంట్లో తెలియని లావాదేవీ ఏదైనా కనపడితే మాత్రం ఇక్కడ పోస్ట్ పెట్టి కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గోదారి కుర్రాడు · జూన్ 9, మధ్యాహ్నం 3:11

ఇప్పుడైనా ఫార్మాట్ అనొచ్చా?

హన్మకొండ సర్వీస్ · జూన్ 9, మధ్యాహ్నం 3:14

పెన్‌డ్రైవ్‌ని చేయొచ్చు తమ్మీ, కాగితాలు బయటికి తీశాక.

ఉక్కునగరం · జూన్ 9, సాయంత్రం 5:48

నేను చాలా రోజులుగా చదువుతూనే ఉన్నా, మొదటిసారి రాస్తున్నా. అనుమానించాల్సిన ఫైలు ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాం.

మావారు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బులు పెట్టకుండా ఎక్కడో క్రాక్ దింపారు. యాంటీవైరస్ ఆపమంటే ఆపారు కూడా. మర్నాడు పొద్దున పిల్లల ఫోటోలన్నిటికీ జెపిజి తర్వాత నాలుగు అక్షరాల కొత్త తోక మొలిచింది. ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్లోనూ _రీడ్‌మి అని ఒక టెక్స్ట్ ఫైలు. 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు మాట్లాడితే సగానికే, 490కే ఇస్తాం అని. కూరగాయల బేరంలా.

మేం కట్టలేదు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌లలో స్టాప్ జెవు అనే రకం అది. ఎమ్సిసాఫ్ట్ వాళ్ల ఉచిత డిక్రిప్టర్, అంటే ఆ తాళం విప్పే టూల్, ఉంది. వైరస్ ఇంటర్నెట్ దొరక్క తనలో ఉన్న ఆఫ్‌లైన్ తాళంతో బిగిస్తే కొన్నిసార్లు విప్పుతుంది. మాకు ఆన్‌లైన్ తాళం పడింది, విప్పలేదు. ఆ ఫైళ్లు అలాగే ఒక హార్డ్‌డిస్క్‌లో దాచి ఉంచాం. ఫోన్లో ఉన్నవి, మా అమ్మ వాట్సాప్‌లో ఉన్నవి ఏరుకుంటే మూడో వంతు దొరికాయి.

మాస్టారూ, కాగితాల కాపీ ఒకటి ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించకుండా వేరేగా ఉంచుకోండి.

డాలస్ తెలుగోడు · జూన్ 9, రాత్రి 8:20

అమ్మా, మీరు ఫైళ్లు పారేయకుండా ఉంచడం మంచి పని. తాళాలు తర్వాత దొరికిన సందర్భాలున్నాయి. అలా దొరికిన తాళాలు ఉచితంగా ఇచ్చే నో మోర్ రాన్సమ్ అనే సైట్ 2016 నుంచీ ఉంది, అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

మాస్టారికి ఇంకో మాట. అనుమానం ఉన్న ఫైలుని వైరస్‌టోటల్ సైట్లో పెడితే డజన్ల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. కానీ అక్కడికి ఎక్కించిన ఫైలు భద్రతా సంస్థల చేతికీ వెళ్తుంది. పెన్షన్ కాగితాలు, ఆధార్ ఎక్కించకండి. ఫైలు బదులు దాని వేలిముద్రతో వెతకొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్, స్పేస్, మైనస్ హాష్‌ఫైల్, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని కొడితే 64 అక్షరాల వేలిముద్ర వస్తుంది. దాన్నే సైట్లో వెతికితే చాలు.

తెనాలి మాస్టారు · జూన్ 10, ఉదయం 7:25

ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఒకటి దొరికింది, తీసేసింది. స్టార్టప్‌లో యాంటీవైరస్, సౌండ్‌ది, ప్రింటర్‌ది, వాటితో పాటు "మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్" అని ఉంది.

హన్మకొండ సర్వీస్ · జూన్ 10, ఉదయం 8:02

ఆ చివరిది దాని వేరు. స్క్రిప్ట్ హోస్ట్ మంచిదే, అది ఎవరి మాట విని లేస్తోందన్నదే ప్రశ్న. డిసేబుల్ చేయండి. తర్వాత ఆటోరన్స్ అనే ఉచిత టూల్‌తో చూస్తే అది ఏ విబిఎస్ ఫైలుని పిలుస్తోందో దారి కనపడుతుంది, సాధారణంగా యాప్‌డేటా లోపల ఉంటుంది. ఆ ఫైలు తీసేసి మరోసారి స్కాన్ పెట్టండి. అది శుభ్రంగా వచ్చాకే పెన్‌డ్రైవ్ పెట్టాలి.

పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌లో: యాట్రిబ్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి, స్పేస్, తర్వాత పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్ డాట్ స్టార్. ఆ అక్షరం ఇ అవునో, ఎఫ్ అవునో రెండుసార్లు చూసుకోండి, పొరపాటున సి కొట్టొద్దు. దాక్కున్న అసలు ఫోల్డర్లు బయటికొస్తాయి. 2 కేబీ షార్ట్‌కట్‌లు పారేసి, కాగితాలు మాత్రం కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేయండి.

బెజవాడ డీటీపీ · జూన్ 10, ఉదయం 10:44

మాస్టారు ఏరివేత మొదలుపెట్టారు కాబట్టి ముందే చెప్తున్నా. తెలుగువాళ్ల కంప్యూటర్లలో వైరస్‌లా కనిపించే మంచి ఫైళ్లు రెండు రకాలున్నాయి.

ఒకటి, పేరు నిండా ఇంగ్లీషు ఎ మీద చిన్న గీత, డిగ్రీల గుర్తు, ప్లస్ మైనస్ గుర్తు, మళ్లీ ఎ మీద గీత ఉండే ఫైళ్లు. అది తెలుగు పేరే. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. తెలుగు తెలియని పాత జిప్ ప్రోగ్రామ్ విప్పితే ఆ బైట్లని విడివిడిగా చదివి ఇలా పేరు పెడుతుంది. ఎ, డిగ్రీ, ఎ, ప్లస్ మైనస్ అని తాళం వేసినట్టు కనపడితే తెలుగే అనుకోవచ్చు. 7-జిప్‌తో మళ్లీ విప్పి చూడండి.

రెండోది పేజ్‌మేకర్ ఫైళ్లు, పి65, పిఎమ్‌డి తోకలతో. అను ఫాంట్లతో కొట్టిన పాత మ్యాటర్ వర్డ్‌లో అతికిస్తే కోడిగీతల్లా కనపడుతుంది. ఫాంట్ ఉంటే అదే కవిత్వం. ఒకాయన వాళ్ల నాన్నగారి శతకం ఇలాగే చెత్త అనుకుని చెరిపేసి, తర్వాత నా దగ్గరికి కాగితం ప్రతి పట్టుకొచ్చాడు. మొదటి నుంచీ మళ్లీ కొట్టాను.

తెనాలి మాస్టారు · జూన్ 11, సాయంత్రం 6:35

అన్నీ అయ్యాయి. కాగితాలన్నీ దొరికాయి. పెన్‌డ్రైవ్ కడిగేశా. బ్యాంకులో రూపాయి కదల్లేదు, పాస్‌వర్డ్ ఫోన్లో మార్చా.

జిరాక్స్ షాపుకి వెళ్లి మెల్లగా చెప్పా. ఆయన "మాస్టారూ, పొద్దున్నుంచీ మీరు మూడో మనిషి" అన్నాడు. ఆ కంప్యూటర్లో యాంటీవైరస్ గడువు అయిపోయిందట. ఇకపై ప్రింట్ కావాలంటే మెయిల్ పెడతానన్నా.

ఒక్క డౌటు మిగిలింది. డి డ్రైవ్‌లో ఫౌండ్.000 అనే ఫోల్డర్, అందులో ఫైల్0000 నుంచి ఫైల్0004 దాకా ఐదు, తోక సిహెచ్‌కె. ఇది పాతదే, 2019 నాటిది.

హన్మకొండ సర్వీస్ · జూన్ 11, సాయంత్రం 7:10

కరెంటు పోయి డిస్క్ దెబ్బతింటే, విండోస్ చెక్‌డిస్క్ నడిపి, ఎవరివో తెలియని ముక్కల్ని ఏరి అందులో పెడుతుంది. తప్పిపోయిన పిల్లల్ని జాతరలో మైకు దగ్గర కూర్చోబెట్టినట్టు.

కాపీ తీసుకుని, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గీతలే వస్తాయి, మొదటి వరుస మాత్రం చూడండి. పికె అని మొదలైతే జిప్ గానీ కొత్త రకం వర్డ్ ఫైలు గానీ. శాతం గుర్తు, పిడిఎఫ్ అని ఉంటే పిడిఎఫ్. ఎమ్‌జెడ్ అని ఉంటే ప్రోగ్రామ్, దాన్ని వదిలేయండి. మొదటి పది అక్షరాల్లో జెఎఫ్‌ఐఎఫ్ కనపడితే ఫోటో, తోక జెపిజి అని మార్చి తెరవండి.

తెనాలి మాస్టారు · జూన్ 11, రాత్రి 9:50

నాలుగింటిలో ఏమీ అర్థం కాలేదు. ఐదోదాంట్లో జెఎఫ్‌ఐఎఫ్ ఉంది. తోక మార్చి తెరిచా.

పై సగం ఫోటో, కింది సగం బూడిద రంగు. పైన మామిడి తోరణం, పందిరి గుంజ, దాని పక్కన మా అన్నయ్య ముఖం, మెడ దాకా. మా ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని చూసి, "ఇది మన చిన్నదాని పెళ్లిలో, పానకం బిందె పట్టుకుని నిలబడ్డప్పుడు" అంది. బిందె బూడిదలో ఉంది.

మా దగ్గర ఆ ఫోటో లేదు. కింది సగం తెచ్చే ఉపాయం ఏమైనా ఉందా?

హన్మకొండ సర్వీస్ · జూన్ 11, రాత్రి 10:04

మిగతా ముక్క ఆ నాలుగింటిలో ఉండొచ్చు మాస్టారూ. ఐదూ ఒక జిప్ చేసి పంపండి, ప్రయత్నిస్తా. రావడం కష్టమే, ముందే చెప్తున్నా. ఈలోగా ఆ పెళ్లికి వీడియో తీసినవాళ్లు ఎవరో అమ్మగారిని అడగండి.